మడిలో ఏమి నింపితిమి?



ఈ నెల పాఠమునకు మేము ఒక మడిని తీసికొనుచున్నాము. అది 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 1 అడుగు ఎత్తు గలది. చుట్టును రాళ్లు పేర్చి, లోపల మట్టి నింపి, అందులో స్ట్రాబెర్రీ మొక్కలు నాటితిమి. ఆ మడిని మేము రెండు మారులు నింపవలసి వచ్చెను. మొదటిమారు తప్పుగా నింపితిమి. ఆ తప్పునకు వెల చెల్లించినవారు మేము కాదు, మా మాట నమ్మినవారు. గనుక ఈ పాఠమును బోధించువారివలె గాక, నేర్చుకొనినవారివలె మీ యెదుట ఉంచుచున్నాము.

పైకి కనబడునది మొక్క. దానిని అందరు చూతురు, అందరు మెచ్చుకొందురు. దాని క్రింద నున్నది ఎవరును చూడరు. అయినను మొక్క బ్రతుకుటయు చచ్చుటయు ఆ క్రింద నున్నదానినిబట్టియే జరుగును. ఈ సంగతి అందరికి తెలిసినదే. తెలిసియుండుట వేరు, చేతులతో తెలిసికొనుట వేరు.

1. ఈ మొక్క ఎట్టిది?

మనము నేడు తినుచున్న పెద్ద స్ట్రాబెర్రీ పండు అనాదినుండి ఉన్నది కాదు. ఫ్రెంచి సైన్యములో ఇంజనీరుగా నుండిన ఫ్రెజియే అను నతడు దక్షిణ అమెరికాలోని చిలీ దేశము చూచి, 1714వ సంవత్సరమున తిరిగి వచ్చుచు అక్కడి స్ట్రాబెర్రీ మొక్కలు తెచ్చెను. ఓడ ప్రయాణములో బ్రతికినవి 5 మాత్రమే. అవి ఫ్రాన్సు తోటలలో బాగుగా ఆకులు వేసెను గాని పండ్లు ఇయ్యలేదు. ఏలయనగా అవి ఆడ మొక్కలు. తరువాత ఉత్తర అమెరికానుండి వచ్చిన వర్జీనియా జాతి మొక్కలు వాటి ప్రక్కను పెరిగినప్పుడు రెండు జాతులు కలిసి క్రొత్త మొక్క పుట్టెను. ఇది సంకర జాతియని 1766లో డ్యూషేన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుర్తించెను. చిలీ జాతి సముద్రతీరపు ఇసుక నేలలది. వర్జీనియా జాతి అడవి అంచులలో ఆకులు కుళ్లి మెత్తబడిన నేలలది. వేళ్ల యొద్ద నీరు నిలిచియుండుట ఈ రెంటిలో దేనికిని పడదు. ఈ ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనిన యెడల, మడిని గూర్చి మేము చెప్పబోవు దానిలో సగము మీకు తెలిసినట్టే.

మన దేశములో ఈ పంటకు పేరుపొందిన స్థలము మహారాష్ట్రలోని మహాబలేశ్వరము. అక్కడి స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. మన తెలుగు నేలలో ఈ మొక్కకు తగిన చలి అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలములోని లంబసింగి ప్రాంతమున దొరకుచున్నది. అక్కడ రైతులు అక్టోబరు ప్రాంతమున మొక్కలు నాటి, డిసెంబరు మొదలు మార్చి వరకు పండ్లు కోయుదురు. పగలు పొట్టివై, రాత్రులు చల్లబడినప్పుడు ఈ మొక్క లోపల పూమొగ్గలు తయారగును. అందుచేతనే మైదానపు వేసవిలో ఇది నిలువదు. మైదానములో నుండువారు దీనిని ఒక చలికాలపు మొక్కగా మాత్రమే ఎంచి పెంచుకొనవలెను.

2. మొదటిమారు ఏమి జరిగెను?

మా ఊరు ఆ కొండలలోనిదే. 2022వ సంవత్సరమున మా ఊరి స్త్రీలు ఆరుగురు కలిసి స్ట్రాబెర్రీ వేయవలెనని తలంచిరి. మందిరము ప్రక్కనున్న ఖాళీ దొడ్డిలో ఒక్కొక్కరికి ఒక మడి చొప్పున 6 మడులు. ఒక్కొక్క మడిలో 24 మొక్కలు, అన్నియు కలిసి 144. మొక్కల సొమ్ము వారే తెచ్చిరి. వారిలో ఒక విధవరాలు తన మేకను అమ్మి తన వంతు తెచ్చెను. మడి నింపు విధము మాకు తెలియునని మేము చెప్పితిమి. పుస్తకములు చదివినవారము గదా! వారు నమ్మిరి.

మొక్కలు రెండు వారములలో వచ్చునని కబురు వచ్చెను. మేము తొందరపడితిమి. నీరు బాగుగా ఇంకవలెనని ప్రతి మడి అడుగున జానెడు మందము గులకరాళ్లు పోయించితిమి. దానిమీద పశువుల శాల యొద్దనున్న పేడను, ఇంకను పచ్చిగా నున్నదానిని, తట్టలకొలది వేయించితిమి. మట్టి తక్కువయైనందున కోస్తానుండి వచ్చిన కొబ్బరిపొట్టును కడుగకయే సగమునకు పైగా నింపితిమి. బలమునకని పొయ్యి బూడిద చల్లించితిమి. మూడు దినములలో ఆరు మడులును నిండెను. నాలుగవ దినమున మొక్కలు నాటితిమి.

పది దినములకు ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడెను. తరువాత మొవ్వలు నల్లబడెను. మూడు వారములు గడచినప్పుడు లెక్కించి చూడగా 144 మొక్కలలో 11 మాత్రమే మిగిలెను.

అప్పుడు మేము ఏమి చెప్పితిమో వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము, అయినను వ్రాయవలెను. మొక్కలు మంచివి కావనియు, తెచ్చినవాడు మోసగించెననియు, ఈ యేడు చలి సరిగా పడలేదనియు చెప్పితిమి. మేకను అమ్మిన ఆ తల్లి మా మాటలన్నియు విని, మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, మొక్కదేం తప్పండీ? కుక్కి మంచం మీద పడుకోబెట్టి, బిడ్డ నిద్రపోలేదని బిడ్డని కొడతామా? ఓ పాలి మడి తవ్వి చూద్దామండీ."

తవ్వి చూచితిమి. పైన రెండు అంగుళములు పొడిగా నున్నది. క్రింద, గులకరాళ్లకు పైగా నున్న పొర అంతయు బురదవలె తడిసి, చెడువాసన కొట్టుచుండెను. పేడ ముద్దలు ముద్దలుగా నుండి, చెయ్యి పెట్టిన యెడల వెచ్చగా తగిలెను. వేళ్లు గోధుమరంగు దారములవలె ఊడి వచ్చెను. ఇక మొక్కల మీద నింద వేయుటకు మాకు నోరు రాలేదు. విత్తువాని కథ మన చదువరులకందరికి తెలియును. అందులో విత్తనము ఒక్కటే, నేలలే వేరు. దానిని ఎన్నిమారులో చెప్పిన మేము నేలను చూడక విత్తనమును నిందించితిమి.

వారి సొమ్ము మాది కాదు. గనుక నెలనెల కొంచెము చొప్పున ఆరుగురికి తిరిగి చెల్లించితిమి. ఆ యేడు మిగిలిన కాలమంతయు, ఎక్కడెక్కడ తప్పితిమో ఒక్కొక్కటిగా నేర్చుకొంటిమి. నేర్చుకొనినది క్రింద వ్రాయుచున్నాము.

3. నింపకముందు కొలువుడి

మడి వెడల్పు 4 అడుగులకు మించరాదు. అప్పుడు ఇరుప్రక్కలనుండి రెండేసి అడుగులు చెయ్యి చాపి పని చేసికొనవచ్చును. లోపల కాలు పెట్టనక్కరలేదు. కాలు పెట్టిన చోట మట్టి అణగును, అణగిన మట్టిలో గాలి యుండదు. స్ట్రాబెర్రీ వేళ్లు ఎక్కువ భాగము పై 6 అంగుళములలోనే యుండును గనుక 1 అడుగు ఎత్తు చాలును.

8ని 4తో, దానిని 1తో హెచ్చించగా 32 ఘనపుటడుగులు. అయితే వదులుగా పోసిన మట్టి తడిసి అణగును. గనుక అయిదవ వంతు ఎక్కువ వేసికొని, లెక్క సులువుగా నుండుటకు 40 ఘనపుటడుగులు సిద్ధపరచుకొనుడి. మీ తట్ట ఎంత పట్టునో తెలియనియెడల, అన్ని ప్రక్కల 1 అడుగు కొలత గల చెక్కపెట్టె నొకటి తీసికొని, ఎన్ని తట్టలకు అది నిండునో చూడుడి. రెండు తట్టలకు నిండినచో మీకు 80 తట్టలు కావలెను. తడిసిన తరువాత మడి బరువు టన్నుకు మించును. కావున రాళ్లను అడుగున వెడల్పుగాను, లోపలికి కొంచెము వాలునట్లుగాను పేర్చవలెను.

సున్నము, సిమెంటుతో కట్టనవసరము లేదు. వాటినుండి ఊరు సున్నము మట్టిలోని పులుపు గుణమును చంపును. ఈ మొక్కకు ఆ గుణము కొంచెము కావలెను. తారు వంటి నూనె పట్టించిన పాత రైలు స్లీపర్లను వాడరాదు; ఆ నూనెలోని విషము మట్టిలోనికి దిగును. వెదురు బద్దలతో కట్టవచ్చును గాని కొలది యేండ్లకే అవి పుచ్చును.

మడి వేయు చోట అంతకుముందు టమాట, వంగ, మిరప, బంగాళదుంప పెంచియున్న యెడల, ఆ మట్టిని నింపుటకు వాడకుడి. వాటికి తగులు ఎండుతెగులు శిలీంధ్రము స్ట్రాబెర్రీకిని తగులును. అది ఏండ్ల తరబడి మట్టిలో బ్రతికియుండును.

4. అడుగున గులకరాళ్లు ఎందుకు వేయరాదు?

అడుగున రాళ్లు పోసిన యెడల నీరు త్వరగా దిగునని మనలో అనేకులు తలంతురు. మేమును అట్లే తలంచితిమి. ఇది పొరపాటు. దీనిని కన్నులారా చూచుటకు ఒక చిన్న పరీక్ష గలదు; పిల్లల తరగతిలోను చేసి చూపవచ్చును.

గిన్నెలు తోము స్పాంజి నొకదానిని నీటిలో ముంచి, పిండక, అరచేతిలో అడ్డముగా పట్టుకొనుడి. కొంత నీరు కారి ఆగిపోవును. పూర్తిగా ఆగిన తరువాత దానిని మెల్లగా నిలువుగా త్రిప్పుడి. మరల నీరు కారును. స్పాంజి అదే, నీరు అదే. ఎత్తు మాత్రమే మారెను. సన్నని రంధ్రములు గల ప్రతి వస్తువు తన అడుగుభాగమున కొంత నీటిని పట్టి యుంచుకొనును. మట్టియు అట్టిదే. మట్టి క్రింద గులకరాళ్లు వచ్చినప్పుడు, సన్నని సందులనుండి పెద్ద సందులలోనికి నీరు వెంటనే దిగదు. పై మట్టి పూర్తిగా నానిన తరువాతనే దిగును. అనగా రాళ్లు పోయుటచేత తడిపొర తగ్గదు. అది వేళ్లకు మరింత దగ్గరగా పైకి వచ్చును. జానెడు రాళ్లు పోసిన మేము అడుగు లోతు మడిని పావడుగు లోతు మడిగా చేసికొంటిమి.

కావున అడుగున చేయవలసినది ఇది. నేలమీది గడ్డి తీసివేసి, గునపముతో జానెడు లోతు వరకు నేలను గుల్లపరచుడి. మడి మట్టియు నేల మట్టియు ఒకటిగా కలిసినప్పుడు నీరు ఆటంకము లేక దిగును. తుంగగడ్డలు కనబడిన యెడల ఏరి పారవేయుడి. గరిక ఎక్కువగా నున్నచో అట్టపెట్టెలను విప్పి, వాటి టేపు తీసివేసి, బాగుగా తడిపి, ఒకదానిమీద నొకటి ఎక్కునట్లు పరచవచ్చును. కొన్ని నెలలలో అవి కుళ్లి మట్టియగును. తుంగకు మాత్రము అట్ట ఆగదు. దానిని త్రవ్వియే తీయవలెను.

కొందరు అడుగున కట్టెలు, కొమ్మలు వేయుదురు. రెండు మూడు అడుగుల లోతు గల మడిలో అది చెల్లును. అడుగు లోతు మడిలో తగదు. కట్టె కుళ్లునప్పుడు మట్టిలోని నత్రజనిని తాను లాగుకొనును. అది కుళ్లి కృశించినకొలది పైమట్టి గుంటలు పడును.

5. ఏది ఎంత?

పది పాళ్లు చేసికొనుడి. అందులో 5 పాళ్లు ఎర్రమట్టి, 2 పాళ్లు బాగుగా పండిన గత్తము, 1 పాలు ఆకుఎరువు, 1 పాలు కడిగిన కొబ్బరిపొట్టు, 1 పాలు ముతక ఏటి ఇసుక. 80 తట్టల లెక్కన ఎర్రమట్టి 40, గత్తము 16, ఆకుఎరువు 8, కొబ్బరిపొట్టు 8, ఇసుక 8.

ఇందులో ఒక్కొక్కదాని పని వేరు. ఎర్రమట్టి మొక్కను నిలబెట్టును, తాను అంతగా అణగదు. గత్తము ఆహారమిచ్చును. ఆకుఎరువు మట్టిని మెత్తపరచును. కొబ్బరిపొట్టు తడిని పట్టుకొనును. ముతక ఇసుక గాలికి దారి యిచ్చును. ఇసుక సన్ననిదైన యెడల మట్టితో కలిసి గట్టిపడును గనుక ముతకదానినే వాడవలెను.

ఎరువు ఎక్కువైనకొలది మేలు కలుగునని తలంచరాదు. గత్తములో ఉప్పులుండును, స్ట్రాబెర్రీ ఉప్పును ఓర్వలేని మొక్క. అదిగాక ఎరువు కుళ్లుచు తరుగును. ఎరువుతో మాత్రమే నింపిన మడి యేడాదికే దిగబడును. మట్టి ఇంటి గోడవంటిది, ఎరువు ఇంటిలోని గాదెవంటిది. గాదె నిండుగా నుండి గోడ లేని ఇంటిలో ఎవరు కాపురముందురు?

ఈ మొక్కకు కావలసిన మట్టి కొంచెము పులుపు గుణము గలది. కొలతలో చెప్పవలెనన్న పిహెచ్ 5.5 మొదలు 6.5 వరకు. కొండలలోని ఎర్రమట్టి తరచు ఇందుకు తగియుండును. నల్లరేగడి తగదు, అందులో సున్నము ఎక్కువ, నీరు నిలుచును. సున్నము ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నను మొక్క దానిని గ్రహింపలేదు. అప్పుడు లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రము పచ్చగా మిగులును. పొయ్యి బూడిదయు సున్నము చేయు పనినే చేయును. మేము బలమునకని చల్లిన బూడిద మొక్కకు ఆకలియే తెచ్చిపెట్టెను. నింపకముందు గుప్పెడు మట్టిని భూసార పరీక్షా కేంద్రమునకు పంపి తెలిసికొనుట మంచిది. సున్నపుగుణము తగ్గించుటకు గంధకపు పొడి వేయుదురు. అయితే మట్టిలోని సూక్ష్మజీవులు దానిని మార్చవలెను గనుక ఫలము కనబడుటకు నెలలు పట్టును. మొక్క నాటు దినమున వేసి ప్రయోజనము లేదు.

6. గత్తము పండినదా?

పచ్చిపేడ మట్టిలో కుళ్లునప్పుడు వేడి పుట్టును, అమోనియా వాయువు పుట్టును. రెండును లేత వేళ్లను కాల్చును. అదిగాక పండు నేలకు దగ్గరగా కాయును, వండక తిందుము. పచ్చిపేడలోని రోగక్రిములు పండునకు అంటుట ప్రమాదము. గనుక పండిన ఎరువే కావలెను.

పండినదానిని గుర్తించుటకు మూడు గుర్తులు చెప్పుదుము. మొదటిది, వాసన. పేడ వాసన పోయి, తొలకరి మట్టివాసన రావలెను. రెండవది, సంచి పరీక్ష. తడిగానున్న గుప్పెడు ఎరువును ప్లాస్టిక్కు సంచిలో గట్టిగా కట్టి మూడు దినములుంచుడి. విప్పినప్పుడు కంపు కొట్టిన యెడల ఇంకను పండలేదు. మూడవది, ఆవాల పరీక్ష. చిప్పలో ఆ ఎరువు పోసి, తడిపి, గుప్పెడు ఆవాలు చల్లుడి. ప్రక్కనే మట్టిచిప్పలోను అట్లే చల్లుడి. రెంటిలోను సమానముగా మొలచి పచ్చగా నిలిచిన యెడల భయము లేదు. ఎరువు చిప్పలో మొలకలు రాకపోయినను, వచ్చి మాడినను, ఇంకను ఆగవలెను.

ఈ మూడు పరీక్షలకు ఖర్చు గుప్పెడు ఆవాలు. ఆ గుప్పెడు ఆవాలు మేము చల్లియుండిన యెడల ఒక మేక నిలిచియుండెడిది.

7. కొబ్బరిపొట్టును కడుగుట

కోస్తాలో కొబ్బరిడొక్కలను పీచు తీయుటకు నానబెట్టుదురు. సముద్రమునకు దగ్గరి నీరు ఉప్పనిది. డొక్కలోనే సహజముగా కొంత ఉప్పును పొటాషియమును గలవు. ఈ ఉప్పులన్నియు పొట్టులో మిగులును. చూచుటకు అది శుభ్రముగా, మెత్తగా, తేలికగా నుండును. కంటికి దోషము కనబడదు. ఆకుల అంచులు మాడినప్పుడే కనబడును.

గోనెసంచిలో పొట్టు పోసి, తొట్టిలో మంచినీట ఒక రాత్రి నానబెట్టి, ఉదయమున సంచిని పైకెత్తి నీరు పూర్తిగా కారనీయవలెను. నీరు కషాయమువలె ఎర్రగా కారును. ఇట్లు మూడు మారులు క్రొత్త నీటితో చేయవలెను. నీరు తేటపడు వరకు చేయుట మంచిది. పెద్ద నర్సరీలవారు కాల్షియము నైట్రేటు కలిపిన నీటిలో కూడ నానబెట్టుదురు. పట్టుకొనియున్న సోడియము దానివలన విడిపోవును. ఇంటి మడికి పదవ వంతు మాత్రమే వాడునప్పుడు మూడు కడుగులు చాలునని మా అనుభవము.

8. నింపుట, వేచియుండుట

అన్నిటిని బయట గోనెపట్టా మీద పారతో రెండు మారులు త్రిరుగవేసి కలుపుడి. ఒకదానిమీద నొకటి పొరలుగా పోయకుడి. పొరలున్న చోట నీరు ఆగునని స్పాంజి మనకు చూపినది. కలిపినదానిని బెత్తెడు బెత్తెడు మందము పోసి, ప్రతిమారు తేలికగా నీరు చల్లుడి. కాలితో త్రొక్కకుడి, పారతో అదమకుడి. మట్టి తన బరువుచేత తానే సర్దుకొనవలెను. నడుమ కొంచెము ఎత్తుగా నుండునట్లు అంచువరకు నింపుడి.

తరువాత చేయవలసినది అన్నిటికంటె కష్టమైన పని. అదేమనగా ఏమియు చేయక ఆగుట. మూడు వారములు ఆగుడి. వాన ఎక్కువగా పడు దినములైన యెడల ఎండుగడ్డి కప్పుడి. లేనిచో సారము కొట్టుకొనిపోవును. మూడు వారములలో మడి రెండు మూడు అంగుళములు దిగును. మిగిలిన మిశ్రమముతో మరల నింపి, అంచుకు 1 అంగుళము తక్కువగా సరిచేయుడి.

ఈ ఆగుట ఎందుకు? నాటిన తరువాత మడి దిగిన యెడల మొవ్వచుట్టునున్న మట్టి జారి, వేళ్లు బయటపడి ఎండిపోవును. ఎండెనని మట్టి ఎగద్రోసిన యెడల మొవ్వ పూడి కుళ్లిపోవును. కావున మడి దిగవలసినదంతయు మొక్క రాకముందే దిగవలెను. మొక్కలు రెండు వారములలో వచ్చునని మేము తొందరపడితిమి గదా. మడి జూలైలోనే నింపి యుండవలసినదని అప్పుడు తెలిసెను.

9. నాటుట

15 అంగుళముల ఎడముతో మూడు వరుసలు, వరుసలో అడుగునకొక మొక్క. అంచునుండి అర అడుగు విడిచి నాటిన యెడల వరుసకు 8 చొప్పున 24 మొక్కలు పట్టును. గుంటలో చిన్న మట్టికుప్ప చేసి, దానిమీద వేళ్లను విసనకఱ్ఱవలె నలుదిక్కుల పరచుడి. మొవ్వ సరిగా మట్టిమట్టమున నుండవలెను. వేళ్లన్నియు లోపల, మొవ్వ బయట. సాయంకాలమున నాటి, వెంటనే నీరు పోయుడి.

మొక్క నిలిచిన తరువాత రెండంగుళముల మందము వరిగడ్డి పరచుడి. మొవ్వమీద మాత్రము వేయకుడి. గడ్డి తడిని కాపాడును, పండు మట్టికి తగులకుండ ఉంచును. నీరు కొంచెము కొంచెముగా, ఆకులమీద గాక మొదటిలో పోయవలెను. మొక్కనుండి సాగు తీగలను కాపు కాలములో కత్తిరించుడి. లేనియెడల పండునకు పోవలసిన బలము తీగకు పోవును. పూత వచ్చిన సుమారు నెలకు పండు ఎఱ్ఱబడును.

10. రెండవ మడి

2023 జూలైలో ఆ ఆరుగురిని మరల పిలిచితిమి. వచ్చెదరో రారో యని భయపడితిమి. ఆరుగురును వచ్చిరి. ఈమారు మేము చెప్పుట తక్కువ, మోయుట ఎక్కువ. గులకరాళ్లన్నియు ఏరితిమి. కొబ్బరిపొట్టు వాగునీట మూడు మారులు కడిగితిమి. ఆవాలు చల్లితిమి. మొదటి గత్తపు కుప్పలో మొలకలు మాడెను. దానిని ప్రక్కకు నెట్టి, వేరొక ఇంటి పాత కుప్పనుండి తెచ్చితిమి. జూలై చివరకు మడులు నిండెను. ఆగస్టు, సెప్టెంబరు నెలలు గడ్డి కప్పుకొని అవి ఊరకుండెను. అది చూచి కొందరు దారిన పోవుచు నవ్విరి.

అక్టోబరు మొదటివారమున నాటబోవునప్పుడు, మేకను అమ్మిన ఆ తల్లి తన మడిలో మోచేతివరకు చెయ్యి దింపి, అడుగునుండి గుప్పెడు మట్టి తీసి వాసన చూచెను. "ఇప్పుడు నాటొచ్చండీ అయ్యగారూ" అని చెప్పెను. ఆమె చెప్పిన తరువాతనే నాటితిమి.

144 మొక్కలలో 9 పోయెను. జనవరి మొదటివారమున తొలి పండ్లు కోసితిమి. ఆమె ఆ మార్చిలో ఒక పెంటిపిల్లను కొనెను. ఇంతకంటె గొప్ప సంగతి చెప్పుటకు మాకేమియు లేదు. ఆరు మడులతో ఎవరును ధనవంతులు కాలేదు. అయితే పోయినది తిరిగి వచ్చెను, మా మాటకు మరల కొంచెము విలువ వచ్చెను.

చదువరులారా, మన చేతిక్రింద మొక్కలు మాత్రమే కాదు, పిల్లలున్నారు, పనివారున్నారు, మనలను నమ్మినవారున్నారు. వారు వాడిపోయినప్పుడు వారిని నిందించుట సులువు. వారి క్రింద మనము ఏమి నింపితిమో తవ్వి చూచుట కష్టము. తవ్వి చూచువారికి చెడువాసన తగులును. అయినను తవ్విన చోటనే మరల నింపుటకు వీలగును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. అడుగున గులకరాళ్లు పోసిన యెడల తడిపొర ఎందుకు పైకి వచ్చును? స్పాంజితో చేసి చూపుడి.

2. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 1 అడుగు ఎత్తు గల మడికి ఎన్ని ఘనపుటడుగుల మిశ్రమము కావలెను? అయిదవ వంతు ఎక్కువ వేసికొని లెక్కించుడి.

3. పచ్చిపేడ, కడుగని కొబ్బరిపొట్టు, పొయ్యి బూడిద, ఈ మూడును మొక్కకు చేయు కీడు ఒకటేనా? వేరువేరుగా చెప్పుడి.

4. మడి నింపిన తరువాత మూడు వారములు ఆగకపోయిన యెడల మొవ్వకు ఏమి జరుగును?

5. మీ ఇంటిలో గాని పనిలో గాని, మొక్కను నిందించి మడిని చూడక విడిచిన సందర్భమేదైన గలదా? ఈ వారము దానిని తవ్వి చూచుటకు మొదట ఎవరియొద్దకు వెళ్లవలెను?